ఒక అడుగు వెనక

ఎస్తేరు టీచరుకి మనుషుల ముఖాలు గుర్తుండవు. తార్నాకలోని మిషన్ స్కూల్లో ఏళ్ళ తరబడి తొమ్మిదో తరగతికి తెలుగు చెప్తోంది. అట్ట మీద పేరు లేకపోయినా చేతిరాత చూసి ఇది ఫలానా పిల్ల పుస్తకం అని చెప్పేయగలదు. అదే పిల్ల తల్లి కూరగాయల బండి దగ్గర ఎదురై "బాగున్నారా టీచర్" అంటే మాత్రం ఎవరో తెలియక నవ్వి ఊరుకుంటుంది.

పెళ్ళయిన కొత్తలోనే ఆమె భర్త ఫిలిప్ ఈ సంగతి కనిపెట్టాడు. ఎగతాళి చెయ్యలేదు. దానికి తనే ఒక ఉపాయం చూశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో అందరూ ఒకరినొకరు పలకరించుకుంటారు కదా, ఆ సమయంలో ఆమెకి ఎడమ పక్కన, ఒక అడుగు వెనక నిలబడేవాడు. ఎవరైనా దగ్గరికి వస్తుంటే పెదవులు కదిలీ కదలకుండా అందించేవాడు. "పచ్చ చీర, సామ్రాజ్యం గారు. మోకాలి ఆపరేషన్ అయింది." ఆ వెంటనే ఎస్తేరు, "వందనాలండీ, మోకాలు ఎలా ఉంది ఇప్పుడు" అనేది. టీచరు గారికి ఎంత జ్ఞాపకమో అని అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఇంటికొచ్చాక ఆ మెప్పునంతా ఫిలిప్ చేతికి అప్పజెప్పి, "ఇవి మీవి, దాచుకోండి" అనేది.

ఫిలిప్‌కి అది కొత్త విద్య కాదు. యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ హెడ్ దగ్గర పి.ఏ.గా చేరి, పి.ఏ.గానే ఉండిపోయాడు. హెడ్‌లు మారేవాళ్ళు, ఫిలిప్ మారేవాడు కాదు. సెమినారుకి పై ఊళ్ళ నుంచి వచ్చిన ప్రొఫెసర్లను హెడ్ గారు పేరు పెట్టి పలకరించి, మీ అమ్మాయి పెళ్ళి బాగా జరిగిందా అని అడుగుతున్నారంటే, అక్కడికి ఒక అడుగు వెనక ఫిలిప్ ఉన్నాడన్నమాట.

పోయిన వానాకాలంలో అతను ఆఫీసులో కుర్చీలోనే ప్రాణం విడిచాడు. అప్పట్నుంచి ఎస్తేరు చర్చిలో చివరి పాట పూర్తి కాకముందే లేచి బయటికి వచ్చేస్తోంది. దుఃఖం కొద్దీ వెళ్ళిపోతోంది పాపం అనుకున్నారు సంఘస్థులు. దుఃఖం ఉంది. దానితో పాటు, ఎదురొచ్చే మనిషి ఎవరో చెప్పే గొంతు లేదన్నది ఇంకో కారణం. చెప్పుకోవడానికి చాలా చిన్నది. అందుకని ఎవరికీ చెప్పలేదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, నిరోష. తండ్రి పనిచేసిన యూనివర్సిటీలోనే ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ చేసింది. నాలుగేళ్ళూ మధ్యాహ్నం అన్నం తండ్రి డబ్బాలోంచే తింది. చదువు అయ్యేలోపే పూణేలో ఒక కంపెనీ క్యాంపస్ సెలక్షన్లో తీసుకుంది. తీసుకున్నదే గాని పిలవలేదు. ఇదిగో అదిగో అంటూ దాదాపు ఏడాది గడిపేసింది. ఖాళీగా కూర్చోలేక నిరోష చలికాలంలో ఒక పని పట్టుకుంది. ఆస్ట్రేలియాలో పెర్త్‌కి దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో హెలెన్ అనే పెద్దావిడ ఇళ్ళకి వెళ్ళి పియానోలు శ్రుతి చేస్తుంది. ఆవిడ ఎవరింటికి ఎప్పుడు వెళ్ళాలి, ఏ దారిన వెళ్తే తిరిగిన చోటే తిరగకుండా ఉంటుంది, ఎవరికి ఏ జవాబు రాయాలి, ఇవన్నీ తార్నాకలో మేడ మీద గదిలో కూర్చుని నిరోష చూస్తుంది. ఆ పనికి వర్చువల్ అసిస్టెంట్ అని పేరు. హెలెన్ చెప్పగా విని ఆ ఊళ్ళోనే ఒక పళ్ళ డాక్టరూ, కేకులు చేసే ఒకావిడా కూడా నిరోషనే కుదుర్చుకున్నారు.

జూన్‌లో, స్కూళ్ళు తెరిచిన వారానికి, పూణే కంపెనీ పిలుపు వచ్చింది. ఎస్తేరు సంతోషించి సూట్‌కేసు కిందికి దించి దుమ్ము తుడిచింది. ఆ ఆదివారం అన్నాల దగ్గర నిరోష, పప్పు వడ్డించుకుంటూనే, తను పూణే వెళ్ళడం లేదనీ, ఇప్పుడు చేస్తున్న పనే చేసుకుంటాననీ చెప్పింది. జీతం అక్కడికీ ఇక్కడికీ పెద్ద తేడా లేదని కూడా చెప్పింది. మరి నాలుగేళ్ళ చదువో అని తల్లి అడిగితే, అదెక్కడికీ పోదులే అంది. ఆ తర్వాత ఇద్దరూ పెరుగన్నం తిన్నారు.

ఎస్తేరు మాటలు పొదుపుగా వాడే మనిషి. అడగవలసిన అసలు ప్రశ్న అప్పుడు అడగలేదు. ఆమెకి జవాబు తెలుసు. కనీసం తెలుసు అనుకుంది. తండ్రి పోయిన వారంలోనే పిల్ల తన మంచం తల్లి గదిలోకి జరుపుకుంది. ఫిలిప్ టీ కప్పును అందనంత పైఅరలో, తల్లి కంట పడకుండా పెట్టింది. ఆదివారాలు చివరి పాట మధ్యలో తల్లి లేస్తే, ఎందుకని అడక్కుండా తనూ చెప్పులేసుకుని వెనకాలే వచ్చేస్తోంది. ఇలాంటి పిల్ల పూణే వద్దంటే దేనికి వద్దంటుంది? తల్లిని ఒంటరిగా వదలలేక. అడిగితే కాదంటుంది. ఆ కాదన్న మాటని ఎలా దిద్దాలో ఎస్తేరుకి తెలియదు.

నా మూలంగా దీని బతుకు ఈ మేడ గదిలో ఆగిపోకూడదు అనుకుంది. స్కూలు ఆవరణలో ఆడపిల్లల హాస్టలు ఉంది. అక్కడి వార్డెన్ ఈ నెలతో మానేస్తోంది. ఆ ఉద్యోగంతో పాటు ఒక గది కూడా ఇస్తారు. హెడ్‌మిస్ట్రెస్ వాసంతి మేడం అంతకుముందే ఒకసారి అడిగి ఉంది. సోమవారం స్టాఫ్ రూమ్ బయట ఆమెను నిలబెట్టి, వార్డెన్‌గా ఉంటానని ఎస్తేరు మాట ఇచ్చేసింది. ఇల్లే లేకపోతే ఇంట్లో ఉండిపోయేవాళ్ళు కూడా ఉండరు కదా.

సాయంత్రం కింది వాటాలో ఉండే ఇంటావిడ చెన్నమ్మకి చెప్పడానికి వెళ్ళింది. చెన్నమ్మది అనంతపురం వైపు. భర్త రైల్వే ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నా, ఆవిడ మాట ఊరు దాటి రాలేదు. ఆ వేళ వాకిట్లో చాప మీద చింతపండు పరిచి గింజలు తీస్తోంది. ఎస్తేరు నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పింది.

చెన్నమ్మ చెయ్యి ఆపలేదు. "ఏం టీచరమ్మా, ఇల్లు కాళీ చేస్తాండానని ఇంత మెల్లగా చెప్తాండావు, ప్రార్థన చెప్పినట్ల?"

"పిల్లకి అడ్డం లేకుండా ఉండాలని, పిన్నిగారూ."

"అడ్డమని పిల్ల చెప్పిందా?"

"అది చెప్పదు."

"చెప్పని మాటకి నువ్వు జవాబు రాస్తాండావే." చెన్నమ్మ ఒక గింజ తీసి పక్కన పడేసింది. "నేనైతే టులెట్ బోర్డు కట్టను. నీకంత తొందరగా ఉంటే నువ్వే రాసి కట్టుకో. ముత్యాల్లాంటి రాత కదా నీది."

నిరోషకి తను చెప్పేదాకా ఈ సంగతి బయటపెట్టవద్దని ఎస్తేరు బతిమాలింది. తన నోట్లో మాట నిలవదని వీధంతా తెలుసు గనక తొందరగా చెప్పుకుంటే ఇద్దరికీ మంచిదని చెన్నమ్మ అంది. వెళ్ళబోతుంటే, చెయ్యి చాపమని గుప్పెడు చింతపండు పెట్టింది.

మంగళవారం చెప్పలేదు. బుధవారం నోటి దాకా వచ్చింది, చెప్పలేదు. గురువారం వాన పట్టుకుంది.

రోజూ తెల్లవారి ఎస్తేరు యూనివర్సిటీ లోపలికి నడకకి వెళ్ళేది. ఫిలిప్ ఉన్నప్పుడు ఇద్దరూ వెళ్ళేవాళ్ళు. తార్నాక నుంచి లోపలికి వెళ్ళి ఆర్ట్స్ కాలేజీ మెట్లదాకా నడిచి, అక్కడ కాసేపు నిలబడి తిరిగి రావడం. అతను పోయాక కూడా ఆమె మానలేదు. ఇక్కడ ఆరు కొట్టేసరికి హెలెన్ ఉండే ఊళ్ళో ఎనిమిదిన్నర అవుతుంది. నిరోష పని అప్పుడే మొదలు. అంటే కూతురు పనిలో కూర్చునే వేళకి ఎస్తేరు ఇంట్లో ఉండేది కాదు. తిరిగొచ్చేసరికి పిల్ల చెవులకి తగిలించుకున్నవి తీసేసి, కంప్యూటర్ మీద టకటకా ఏదో కొడుతూ ఉండేది. ఆ పని ఎలా ఉంటుందో ఎస్తేరు ఒక్కరోజు కూడా వినలేదు. ఏదో ఇంగ్లీషులో మాట్లాడుతుంది అని మాత్రం తెలుసు.

ఆ వేళ వానకి గొడుగు కూడా ఆగేలా లేదు. ఎస్తేరు వంటింట్లో పీట వేసుకుని గోంగూర ఒలవడం మొదలుపెట్టింది. గది తలుపు ఓరగా తెరిచి ఉంది. నిరోష గొంతు వినబడింది. ఇంగ్లీషే గాని, నిదానంగా, దగ్గరి మనిషితో మాట్లాడినట్టు ఉంది.

"మొదటి ఇల్లు డోయల్ గారిది, హెలెన్. పోయినసారి మీకు తలుపు తీసిన ఆవిడ, ఆయన భార్య, ఏప్రిల్‌లో చనిపోయారు. పియానో ఆవిడదే. ఆయనకి వాయించడం రాదు."

అవతల ఆవిడ ఏదో అంది.

"ఎందుకు శ్రుతి చేయిస్తున్నారని మాత్రం అడగకండి. ఆయన టీ ఇస్తే కూర్చుని తాగండి. తర్వాతి ఇంటివాళ్ళకి మీరు కాస్త ఆలస్యంగా వస్తారని నేను ముందే చెప్పి ఉంచాను."

ఎస్తేరు చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది.

అవతలి ప్రశ్నకి నిరోష, అవన్నీ ఆయనే చెప్పాడనీ, టైము అడుగుదామని ఫోన్ చేస్తే చాలాసేపు మాట్లాడాడనీ చెప్పింది. ఆ తర్వాత రెండో ఇంటి సంగతి వచ్చింది. ఆ ఇంట్లో కుక్క ఉందిట, పేరు బిస్కట్. కరవదు గాని, పనిముట్ల సంచి నేల మీద పెడితే పోయినసారిలాగే నోట కరుచుకుని తోటలోకి పోతుందిట. ఆ మాటకి అటు హెలెన్, ఇటు నిరోష పగలబడి నవ్వారు.

ఆ నవ్వు ఎస్తేరుకి తెలుసు. పోయిన వానాకాలం ముందు ఈ ఇంట్లో రోజూ ఉండేది. మళ్ళీ ఈ ఏడాదిలో వినలేదు. కాదు, అది ఇక్కడే ఉంది. ఆమె నడకకి వెళ్ళిన వేళకి వచ్చి, ఆమె తిరిగొచ్చేలోపు వెళ్ళిపోతోంది.

ఇంకొక సంగతి కూడా ఆమెకి తెలిసింది. ముందు పేరు, తర్వాత ఒక్క విషయం, ఆ పైన అడగవలసింది లేదా అడగకూడనిది. అంతటితో ఆపేయడం. ఆ వరస ఎవరిదో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. కళ్ళు తుడుచుకోవడానికి చేతికి గోంగూర పసరు ఉందని గుర్తొచ్చి, భుజంతో తుడుచుకుంది.

సాయంత్రానికి వాన వెలిసింది. నడకకి వెళ్దాం వస్తావా అని కూతుర్ని అడిగింది. ఇద్దరూ మెట్రో వంతెన కింద నీళ్ళు తప్పించుకుంటూ రోడ్డు దాటి యూనివర్సిటీ లోపలికి వెళ్ళారు. చెట్ల కింద తడి సిమెంటు బెంచీల మీద అట్టలు పరుచుకుని కుర్రాళ్ళు పోటీ పరీక్షల పుస్తకాలు చదువుకుంటున్నారు. ఇంజనీరింగ్ కాలేజీ మలుపు దాటాక ఎస్తేరు హాస్టలు సంగతి చెప్పింది. పాఠం అప్పజెప్పినట్టు ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

నిరోష ఆగకుండా నడుస్తూనే ఉంది. "తెలుసు. చెన్నమ్మ ఆంటీ సోమవారమే చెప్పింది."

"సోమవారమా?"

"నువ్వు పైకొచ్చాక నేను చెత్త పడెయ్యడానికి దిగాను చూడు, అప్పుడు. నువ్వెప్పుడు చెప్తావా అని చూస్తున్నా."

"మరి ఏమీ అనలేదేం?"

"నువ్వు మాత్రం నాతో అన్నావా?"

ఇంకా కొంతదూరం నడిచారు. నిరోష తండ్రిలాగే నడుస్తుంది, చేతులు వెనక కట్టుకుని. చివరికి ఎస్తేరు, ఆదివారం నుంచి మోస్తున్న ప్రశ్నని కిందికి దించింది.

"నాన్న ఉండి ఉంటే పూణే వెళ్ళేదానివా నిరూ?"

"నాన్న ఉంటే నాకీ తిప్పలే ఉండేవి కావమ్మా. నీకు చెప్పే పని నాన్నకి అప్పజెప్పేదాన్ని. నువ్వు పప్పు తింటుండగా మెల్లగా చెప్పేవాడు."

ఎస్తేరుకి నవ్వొచ్చింది. నవ్వుతూనే, అది జవాబు కాదంది.

అప్పుడు నిరోష చెప్పుకొచ్చింది. పూణేలో తనతో ఏం చేయిస్తారో ఆ పిలుపులో ఒక్క ముక్క లేదు. ముందు బ్యాచి వాళ్ళు ఆరేసి నెలలు పనిలేకుండా కూర్చున్నారు. ఇక్కడేమో హెలెన్ తిరిగే దారులు కలపడానికి తనే ఒక చిన్న ప్రోగ్రాం రాసుకుంది, చదువుకున్నది అక్కడ పనికొస్తూనే ఉంది. కానీ తనకి ఇష్టమైనది అది కాదు. పొద్దున్నే ఒక మనిషి తన మాట విని, ధైర్యంగా ఇంట్లోంచి బయలుదేరుతుంది. ఆ రోజు సాఫీగా గడిస్తే అందులో తన చెయ్యి ఉందని ఇంకెవరికీ తెలియదు. అది ఇష్టం.

"చిన్నప్పుడు సెలవుల్లో నాన్న ఆఫీసులో స్టూలేసుకుని కూర్చునేదాన్ని కదా. అందరూ హెడ్ గారికి నమస్కారం పెట్టేవాళ్ళు. నాకు మాత్రం వెనకాల ఉన్న నాన్నే అన్నీ నడుపుతున్నట్టు కనపడేది."

ఎస్తేరు తల ఊపింది. ఇంకా ఒకటి మిగిలింది. "అయితే నా కోసం ఉండిపోవడం లేదు."

నిరోష దారికి అడ్డంగా ఉన్న నీటిగుంట దాటి, తల్లికి చెయ్యి అందించింది.

"కొంచెం నీ కోసం కూడా. మొత్తం కాదు. కొంచెం ఉంటే తప్పా?"

నీ కోసం కాదు అని ఉంటే ఎస్తేరు నమ్మేది కాదు. అవునని ఉంటే హాస్టలుకే వెళ్ళిపోయేది. కొంచెం అన్న మాట నమ్మదగ్గదిగా ఉంది. నీటిగుంట దాటాక కూడా ఆమె ఆ చెయ్యి వదలలేదు.

"తప్పు లేదు. కానీ వాసంతి మేడంకి మాట ఇచ్చేశానే. ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

అలా అంటుండగానే ఆర్ట్స్ కాలేజీ వైపు నుంచి ఒకావిడ వస్తోంది. తెల్ల బూట్లు, పంజాబీ డ్రెస్సు, ఎండే లేకపోయినా నెత్తిన టోపీ. ఎస్తేరు వైపు చూసి చెయ్యి ఊపింది. ఎస్తేరు ఎప్పటిలాగే నవ్వు సిద్ధం చేసుకుంది. ఇంతలో పక్కనున్న నిరోష నడక తగ్గింది. ఎడమ పక్కకి వచ్చి ఒక అడుగు వెనక నిలబడింది.

"ఆవిడే, వాసంతి మేడం, చీరలో లేదంతే. వాళ్ళత్తగారు నిన్ననే హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చారు, నీ ఫోన్లో స్కూలు వాట్సాప్ గ్రూపులో చూశాను. ముందు అది అడుగు. హాస్టలు సంగతి తర్వాత."

ఎస్తేరు వీపు నిటారుగా అయింది. ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూడాలనిపించింది, చూడలేదు.

"వందనాలు మేడం. అత్తయ్యగారు ఇంటికొచ్చారట, ఎలా ఉన్నారు?"

వాసంతి మేడం ముఖం విప్పారింది. ఆ రోజు పొద్దుట్నుంచీ ఆ మాట అడిగినవాళ్ళు లేరేమో, అత్తగారు గంజి తాగడం దగ్గర్నుంచి నర్సుతో పేచీ పెట్టుకోవడం దాకా అంతా చెప్పింది. ఎస్తేరు విన్నది. చెప్పడం అయ్యాక వెనక నుంచి చిన్న దగ్గు వినబడింది. అప్పుడు ఎస్తేరు, తొందరపడి మాట ఇచ్చానని, వార్డెన్‌గా ఉండలేనని, క్షమించమని చెప్పింది. మేడం, ఆ పనికి హిందీ సారు చెల్లెలు కూడా అడుగుతోందనీ, ఈసారి మాట ఇచ్చే ముందు ఇంట్లో అడిగి రమ్మనీ అంది. వెళ్తూ వెళ్తూ నిరోష భుజం తట్టింది.

ఇంటికొచ్చేసరికి గేటు దగ్గర చెన్నమ్మ నిలబడి ఉంది. ఇద్దరి ముఖాలూ చూసి, బోర్డు రాసే పని తప్పిందా టీచరమ్మా అని లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున ఎస్తేరు నడకకి ఆలస్యంగా బయలుదేరింది. ఆరు కొట్టిన కాసేపటిదాకా వంటింట్లో ఏదో ఒక పని పెట్టుకుంది.

ఆ ఆదివారం చివరి పాటని ఆఖరి చరణం దాకా పాడింది. తర్వాత లేచి, అందరితో పాటు చర్చి ఆవరణలోకి నడిచింది. ఎడమ పక్కన, ఒక అడుగు వెనక నిరోష ఉంది. సామ్రాజ్యం గారి మోకాలు బాగుంది. పాస్టరు గారి చిన్నబ్బాయికి సీటు వచ్చింది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ గేటు దగ్గరికి వచ్చేసరికి, నీలం చీర కట్టుకున్న ఒకావిడ చేతులు రెండూ చాపి, ఎంతో ఆప్యాయంగా నవ్వుతూ ఎదురొస్తోంది.

ఎస్తేరు చెవి వెనక్కి పెట్టి ఆగింది. ఎంతకీ మాట రాలేదు. ఆవిడ ఇంకా దగ్గరికి వచ్చాక వెనక నుంచి మెల్లగా వినబడింది.

"ఈవిడెవరో నాకూ తెలీదమ్మా. ఇద్దరం నవ్వేద్దాం."